గ్రూపు నిండా మెసేజ్‌లే, నేర్చుకునేదెప్పుడు?

ప్రశ్న: మాది మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ల సంఘం. సభ్యులు దాదాపు 640 మంది. నేను కార్యదర్శిని. కొన్నేళ్లుగా వాట్సాప్ గ్రూపు నడుపుతున్నాం. పొద్దున్నే శుభోదయాలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, ఆ తర్వాత ఫార్వర్డ్‌లు. మధ్యలో ఎవరైనా పనికి సంబంధించిన సందేహం అడిగితే ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లే జవాబిస్తారు. మిగతావాళ్లు నోరు మెదపరు. వార్షిక సదస్సు ప్రసంగాలు యూట్యూబ్‌లో పెడితే చూసినవాళ్లు పాతిక మంది లేరు. కమిటీలో కొందరు లెర్నింగ్ యాప్ కొందామంటున్నారు, కొందరు టెలిగ్రామ్‌కి మారదామంటున్నారు. ఇదంతా టైమ్ వేస్ట్, నేర్చుకోవాలంటే మీటింగ్‌కి రావాల్సిందే అని సీనియర్ల మాట. సభ్యులు నిజంగా ఏమైనా నేర్చుకోవాలంటే ఏ ప్లాట్‌ఫామ్ మంచిది? మాట్లాడనివాళ్లతో ఎలా మాట్లాడించాలి? పాల్గొన్నవాళ్లకి పాయింట్లు, సర్టిఫికెట్లు ఇస్తే పని జరుగుతుందా?

సమాధానం:

కార్యదర్శి గారూ,

యాప్ కొనే ఆలోచన ఆపండి. టెలిగ్రామ్ సంగతి కూడా కాస్త పక్కన పెట్టండి. ముందు ఒక సాయంత్రం కూర్చుని మీ గ్రూపులో గడిచిన నెల రోజుల మెసేజ్‌లు చదవండి. శుభోదయాలు, ఫార్వర్డ్‌లు తీసేశాక పని గురించిన ప్రశ్నలు ఎన్ని మిగిలాయి? వాటిలో ఎన్నింటికి సరైన జవాబు దొరికింది? ఆ జవాబు రేపు కొత్తగా చేరే సభ్యుడికి ఎక్కడైనా కనబడుతుందా? ఈ మూడూ కాగితం మీద పెట్టండి.

ప్రశ్నలు మీరు అనుకున్నదానికంటే ఎక్కువే దొరుకుతాయి. రాత్రి డ్యూటీలో ఉన్న ఎవరో ఒకరు, "ప్లేట్‌లెట్లు 28 వేలు చూపిస్తోంది, రోగికి ఎక్కడా రక్తస్రావం లేదు, రిపోర్ట్ ఇచ్చేయాలా?" అని అడిగి ఉంటారు. మీ సీనియర్లలో ఒకరు, "ఆగండి, స్మియర్ (స్లైడ్ మీద పలుచగా పరిచిన రక్తం) వేసి చూడండి. కొందరి రక్తం ఇడిటిఎ (రక్తం గడ్డకట్టనివ్వని రసాయనం) ట్యూబులో పడగానే ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి, మెషీన్ వాటిని లెక్కపెట్టలేదు. సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీసి, వచ్చిన కౌంట్‌ని 1.1తో హెచ్చించండి" అని జవాబిచ్చి ఉంటారు. మూడు వాక్యాలు. ఒక తప్పుడు రిపోర్ట్ ఆగిపోయింది. ఇది పుస్తకంలో లేనిదేం కాదు, కానీ అర్ధరాత్రి రెండు గంటలకి పుస్తకం తిరగేసేదెవరు? తెల్లారేసరికి దాని మీద ముప్పై గులాబీ పువ్వుల బొమ్మలు పడతాయి. రెండు నెలల తర్వాత ఇంకొకరు అదే ప్రశ్న అడుగుతారు. ఆ రోజు ఆ సీనియర్ ఫోన్ చూడకపోతే రిపోర్ట్ అలాగే వెళ్లిపోతుంది.

అంటే మీ గ్రూపులో నేర్చుకోవడం ఇప్పటికే జరుగుతోంది. అది ఎవరో ఒకరు అడిగితేనే జరుగుతోంది, జరిగింది నిలవడం లేదు. లోపం ఈ రెండు చోట్లే ఉంది. ఏ యాప్ కొన్నా ఈ రెండు పనులూ మనుషులే చేయాలి. కాబట్టి కమిటీలో ఇద్దరికి బాధ్యత అప్పగించండి. ఒకరి పని అడగడం, మరొకరి పని వచ్చిన జవాబుల్ని ఒకచోట చేర్చి దాచడం. కార్యదర్శిగా మీకు ఉన్న పనులు చాలు, ఈ రెండూ మీ నెత్తిన వేసుకోవద్దు.

ముందు అడిగే పని సంగతి చూద్దాం. వారానికి ఒక ప్రశ్న చాలు. అది బెంచి మీద నిజంగా ఎదురయ్యేదిగా ఉండాలి. "ఇడిటిఎ పూర్తి పేరేమిటి" లాంటిది వద్దు, అది క్విజ్ పోటీలకి పనికొస్తుంది. ఇలా అడిగి చూడండి: "పొటాషియం 9.2, కాల్షియం 5.1 వచ్చింది. రోగి మామూలుగా నడిచి వచ్చి, శాంపిల్ ఇచ్చి వెళ్లాడు. మీ మొదటి అనుమానం ఏమిటి? కిడ్నీ వైఫల్యమా, రక్తకణాలు పగలడమా, ఊదారంగు మూత ట్యూబులోని రక్తం సీరం ట్యూబులో కలవడమా, మెషీన్ క్యాలిబ్రేషనా?" ఇందులో మంచి పట్టు ఉంది. పొటాషియం పెరగగానే చాలామంది రక్తకణాలు పగిలాయనుకుంటారు. కానీ దానివల్ల కాల్షియం ఇంతగా పడిపోదు. ఊదా మూత ట్యూబులో ఉండేది ఇడిటిఎ పొటాషియం లవణం. అది పొటాషియంని కలుపుతుంది, కాల్షియంని పట్టేస్తుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ కూడా పడిపోయిందా అని చూడమని ఎవరైనా చెబితే చర్చ మరో మెట్టు ఎక్కుతుంది. జవాబు వెంటనే చెప్పకండి. రెండు రోజులు ఆగండి, షిఫ్టుల్లో ఉన్నవాళ్లందరికీ ఆలోచించే వ్యవధి దొరుకుతుంది. తర్వాత కారణంతో సహా జవాబు పెట్టండి.

చదివే మెటీరియల్ పంపకుండా ప్రశ్నే ఎందుకు అంటే, దానికి గట్టి ఆధారం ఉంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకి ఒక పాఠ్యభాగం ఇచ్చి, కొందరిచేత మళ్లీ చదివించారు, కొందరిచేత చూడకుండా గుర్తున్నంత రాయించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత పెడితే లెక్క తిరగబడింది, రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మీ గ్రూపులో పడే పీడీఎఫ్‌లన్నీ చదివిన ఆ అయిదు నిమిషాలు తెలిసినట్టే అనిపిస్తాయి. చదివితే, అది కూడా. చాలావరకు డౌన్‌లోడ్ అయి ఫోన్‌లో జాగా తినడమే వాటి పని.

ఇక నోరు మెదపనివాళ్ల సంగతి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఇదే. మీరు దీన్ని లోపంగా చూస్తున్నారు. నేను సగమే ఒప్పుకుంటాను.

2006లోనే, వెబ్‌సైట్లని జనం ఎలా వాడతారో పరిశోధించే జేకబ్ నీల్సన్ ఆన్‌లైన్ బృందాల గురించి ఒక లెక్క చెప్పాడు. నూటికి తొంభై మంది చూసి ఊరుకుంటారు, తొమ్మిది మంది అప్పుడప్పుడు మాట్లాడతారు, ఒక్కరు మాత్రం ఎక్కువగా రాస్తారు. మీ 640 మందికి ఆ లెక్క వేస్తే ఎప్పుడూ రాసేవాళ్లు ఆరుగురు. ఆ ఆరుగురి పేర్లు మీకు ఈపాటికే నోటికొచ్చి ఉంటాయి. అన్ని గ్రూపులకీ ఇది అచ్చంగా సరిపోదు, చిన్న గ్రూపుల్లో మాట్లాడేవాళ్లు ఎక్కువగానే ఉంటారు. అయినా పెద్ద గ్రూపులో మౌనం మామూలే అని గుర్తు పెట్టుకుంటే మీ టెన్షన్ కొంత తగ్గుతుంది.

పైగా మౌనంగా ఉన్నవాళ్లు నేర్చుకోవడం లేదనుకోవద్దు. మనుషులు పని నేర్చుకునే తీరుని పరిశోధించిన జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో రాసిన పుస్తకంలో లైబీరియా దర్జీల దగ్గర పని నేర్చుకునేవాళ్ల గురించి ఉంది. కొత్తగా చేరినవాడికి గుడ్డ కత్తిరించే పని ఇవ్వరు. ఇస్త్రీ చేయడం, గుండీలు కుట్టడం, అంచులు మడిచి కుట్టడం ముందు. కత్తిరించడం చివరికి వస్తుంది. అంచున నిలబడి చూస్తూ, చిన్న పనులు చేస్తూ మెల్లగా లోపలికి రావడమే నేర్చుకునే తీరు అని వాళ్లు అంటారు. మీ గ్రూపులో మొన్న చేరిన పిల్లవాడు చేస్తున్నదీ అదే కావచ్చు. అతనికి మీరివ్వాల్సింది గుండీలు కుట్టేంత చిన్న పని. పోల్‌లో ఒక ఆప్షన్ నొక్కడం. "మీ ల్యాబ్‌లో ఏ రంగు మూత ట్యూబులో గ్లూకోజ్ తీస్తారు?" అనే ప్రశ్నకి ఒక్క మాట జవాబు. దీనికి తప్పొప్పులు లేవు కాబట్టి భయమూ ఉండదు.

భయం అన్నాను కదా, అసలు చిక్కు అక్కడుంది. ఆ గ్రూపులో వాళ్ల సూపర్‌వైజర్ ఉన్నారు. రేపు ఉద్యోగం అడగబోయే ల్యాబ్ ఇన్‌చార్జ్ ఉన్నారు. పాఠాలు చెప్పిన సార్ ఉన్నారు. వీళ్లందరి ముందు "నాకు తెలియదు" అని పేరు, నంబరుతో సహా రాయాలి. ఎవరైనా ఒకసారి "ఇది కూడా తెలియదా?" అన్నారంటే, ఆ మాట చదివిన నాలుగు వందల మందీ ఇక ఎప్పుడూ అడగరు. అడిగినవాడొక్కడే అనుకుంటాం, కానీ నోళ్లు అందరివీ మూతపడతాయి. అందుకని ఆ జవాబిచ్చే ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లతో మీరు విడిగా మాట్లాడాలి. గ్రూపులో హెచ్చరిక పెట్టడం కాదు, ఫోన్ చేసి మాట్లాడాలి. "మీ జవాబుల వల్లే గ్రూపు నడుస్తోంది సార్. అడిగినవాళ్లకి ముందు 'మంచి సందేహం' అని ఒక మాట రాసి తర్వాత చెప్పండి" అంటే చాలామంది కాదనరు. వెటకారం అలవాటుగా చేసేవారు ఒక్కరుంటే, ఎంత సీనియరైనా సరే, ఆ మెసేజ్ అడ్మిన్ తీసేయాలి. ఇక్కడ మొహమాటపడితే మిగతా ఏర్పాట్లన్నీ దండగ.

పేరు చెప్పకుండా అడిగే దారి కూడా ఒకటి పెట్టండి. ప్రశ్నల బాధ్యత తీసుకున్నవారికి ఎవరైనా విడిగా సందేహం పంపవచ్చని, అది "ఒక సభ్యుడి ప్రశ్న" అని మాత్రమే గ్రూపులోకి వస్తుందని చెప్పండి. మొదటి రెండు వారాలు ఎవరూ పంపకపోతే నిరుత్సాహపడొద్దు. మహిళా సభ్యులు అసలు రాయకపోతే ఇంకో కారణం కూడా చూడండి. వాట్సాప్ గ్రూపులో నంబరు అందరికీ కనబడుతుంది. ఒక్క ప్రశ్న అడిగిన పాపానికి తెలియనివాళ్ల నుంచి విడిగా మెసేజ్‌లు మొదలవుతాయి. అనుమతి లేకుండా ఎవరికీ విడిగా మెసేజ్ చేయకూడదన్న నియమం రాతలో ఉండాలి, ఫిర్యాదు వస్తే అమలు చేయాలి.

ఇప్పుడు ప్లాట్‌ఫామ్ మాట. మీవాళ్లంతా వాట్సాప్‌లో ఉన్నారు కాబట్టి అక్కడే ఉండండి. గ్రూపులో 1,024 మంది దాకా పడతారు, మీకు సరిపోతుంది. 2022 నుంచి కమ్యూనిటీ అనే ఏర్పాటు ఉంది. ఒకే గొడుగు కింద అడ్మిన్లు మాత్రమే రాసే ప్రకటనల గ్రూపు ఒకటి, విడివిడి చర్చల గ్రూపులు కొన్ని పెట్టుకోవచ్చు. హెమటాలజీకి ఒకటి, బయోకెమిస్ట్రీకి ఒకటి, మైక్రోబయాలజీకి ఒకటి చేయండి. శుభాకాంక్షలకీ ఒకటి ఇవ్వండి. నిషేధిస్తే అలుగుతారు, విడి గది ఇస్తే అక్కడ హాయిగా ఉంటారు. వాట్సాప్‌తో ఇబ్బంది రెండు చోట్ల. పోల్‌లో ఎవరు ఏ జవాబు నొక్కారో అందరికీ తెలిసిపోతుంది. కొత్తగా చేరినవారికి ఏడాది కిందటి చర్చ కనబడదు. టెలిగ్రామ్‌లో పేరు బయటపడని పోల్ పెట్టొచ్చు, సరైన జవాబు చూపే క్విజ్ పోల్ ఉంది, నంబరు దాచుకోవచ్చు, పాత చర్చలు కొత్తవారికి తెరిచి ఉంచొచ్చు. సౌకర్యాలు చూస్తే టెలిగ్రామే మెరుగు, నేను కాదనను. కానీ 640 మందిని కొత్త చోటికి తరలిస్తే మొదటి నెలలో చేరేది ఎందరో మీరే ఊహించుకోండి. ఆఫీసులవాళ్లు వాడే స్లాక్ అనే చాట్ యాప్ జోలికి వెళ్లొద్దు, ఉచిత ఖాతాలో 90 రోజుల కంటే పాతవి కనబడవు. మీకు కావలసిందే పాతవి.

ఇక దాచే పని. చాలా సంఘాలు బోల్తా పడేది ఇక్కడే. ఏ సోషల్ మీడియా కంపెనీ చోటునీ భాండాగారం అనుకోకండి. యాహూ గ్రూప్స్‌లో ఎన్నో సంఘాల ఏళ్ల తరబడి చర్చలుండేవి. 2020 డిసెంబరులో అది మూతపడింది. అంతకుముందు ఏడాది ఏప్రిల్‌లో గూగుల్ ప్లస్ వెళ్లిపోయింది. మాట్లాడుకోవడానికి వాళ్ల చోటు వాడుకోవచ్చు. దాచుకునే చోటు మాత్రం మీదై ఉండాలి. సంఘం వెబ్‌సైట్ ఉంటే సరే, లేకపోతే సంఘం పేరు మీద తెరిచిన ఖాతాలో పంచుకునే డాక్యుమెంట్ ఒక్కటి చాలు. సంఘం పేరు మీద అని ఎందుకంటున్నానో మీకు తెలుసు. కార్యదర్శి సొంత ఖాతాలో పెడితే కమిటీ మారిన రోజు పాస్‌వర్డ్ కోసం ఆయన చుట్టూ తిరగాలి.

అందులో ఏం రాయాలంటే: సమస్య రెండు వాక్యాలు, జవాబు, కారణం, ఆధారం. ఆధారం అంటే కిట్‌తో వచ్చే కాగితంలోని సూచన కావచ్చు, పాఠ్యపుస్తకం కావచ్చు, మార్గదర్శకాలు కావచ్చు. "ఫలానా సార్ చెప్పారు" అనేది ఆధారం కాదు. ఒక్కో విభాగానికి ఇద్దరు సీనియర్లు చూసి సరే అన్నాకే అది చేరాలి. గ్రూపులో జవాబులు వేగంగా వస్తాయి, తప్పు జవాబులు ఇంకా వేగంగా వస్తాయి. చూసే పని ఉంటుందని తెలిస్తే సీనియర్లకి కూడా ఇది టైమ్ వేస్ట్‌లా అనిపించదు. వాళ్లని మీ వైపు తిప్పుకోవడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు తోచడం లేదు.

ఒక్క విషయంలో రాజీ వద్దు. రిపోర్ట్ ఫొటో పెట్టేటప్పుడు రోగి పేరు, వయసు, నమోదు సంఖ్య, బార్‌కోడ్, ఆసుపత్రి పేరు ఏదీ కనబడకూడదు. పైన వేలు అడ్డం పెట్టి తీసిన ఫొటోలు చాలవు. ఫొటోకి బదులు అంకెలు టైప్ చేయమనండి. స్మియర్ ఫొటో అయితే స్లైడ్ మీది లేబుల్ రాకుండా తీయాలి. నియమం తప్పితే మెసేజ్ తీసేయడానికి చర్చలు అక్కర్లేదు.

వీటన్నిటికీ పైన, నెలకొకసారి ఒక పరిశోధన పత్రం మీద చర్చ పెట్టి చూడండి. యూరాలజీ వైద్యులు 2012లో ట్విట్టర్‌లో ఇలాంటిది మొదలుపెట్టారు. నెలకో పరిశోధన పత్రం తీసుకుని 48 గంటలపాటు దాని మీద మాట్లాడుకునేవారు. వేర్వేరు దేశాలవాళ్లు ఎవరికి కుదిరినప్పుడు వాళ్లు వచ్చి రాసేవారు. అందరూ ఒకే గంటకి హాజరు కానక్కర్లేదు అన్నదే అందులోని కిటుకు. నెఫ్రాలజీవాళ్లు 2014లో తమది మొదలుపెట్టారు. మూడు షిఫ్టుల్లో పనిచేసే మీవాళ్లకి ఇది అతికినట్టు సరిపోతుంది. మొదటి చర్చకి గ్లూకోజ్ శాంపిల్ గురించిన పత్రం తీసుకోండి. సెంట్రిఫ్యూజ్ చేయకుండా (మెషీన్‌లో వేగంగా తిప్పి కణాలని వేరుచేయకుండా) బయట ఉంచిన రక్తంలో గ్లూకోజ్ గంటకి సుమారు 5 నుంచి 7 శాతం తగ్గుతుందని అందరూ చదివే ఉంటారు. ఫ్లోరైడ్ ట్యూబులో వేస్తే తగ్గదని నమ్ముతారు. నిజానికి ఫ్లోరైడ్ పని పూర్తిగా మొదలవడానికి గంట పైనే పడుతుంది, ఈలోగా కొంత తగ్గిపోతూనే ఉంటుంది. మీ ల్యాబ్‌కి శాంపిల్ చేరడానికి ఎంతసేపు పడుతోంది అని అడిగితే, ఎన్నడూ మాట్లాడనివాళ్లు కూడా తమ లెక్క చెబుతారు.

సదస్సు వీడియోలు చూడలేదని బాధపడకండి. గంటన్నర ప్రసంగం ఫోన్‌లో ఎవరు చూస్తారు? అందులో పనికొచ్చే ఆరు నిమిషాల ముక్క కోసి, ఆ వారం ప్రశ్నకి జవాబుగా పెట్టండి. ప్రశ్న ముందు రావాలి, వీడియో తర్వాత.

పాయింట్ల సంగతి: మెసేజ్‌ల లెక్కన ఇస్తే "థ్యాంక్యూ సార్"లు వందల్లో పడతాయి, ఇంకేం జరగదు. ఇవ్వాలనుకుంటే, గ్రూపులో తేలిన జవాబుని ఆధారంతో సహా రాసిచ్చినవాళ్లకి ఇవ్వండి, రాసినవారి పేరు కింద వేయండి. పేరు అచ్చులో చూసుకోవడం సర్టిఫికెట్ కంటే ఎక్కువగా పనిచేస్తుందని నా నమ్మకం. హాజరు, పరీక్ష, సర్టిఫికెట్ ఉన్న పూర్తి కోర్సు ఎప్పుడైనా నడపాలనుకుంటే అప్పుడు యాప్ మాట ఎత్తండి. అప్పుడు కూడా కొనేముందు మూడుల్ చూడండి. ఆన్‌లైన్ కోర్సులు నడపడానికి 2002 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ అది. సర్వర్ ఖర్చు, చూసుకునే మనిషి మాత్రం కావాలి.

మీటింగ్‌లే మేలు అనే సీనియర్ల మాటలో కూడా నిజం ఉంది. చేత్తో నేర్చుకోవాల్సినవి, రక్తం తీయడం, స్మియర్ లాగడం లాంటివి, గ్రూపులో రావు. మీటింగ్ సమయాన్ని వాటికే ఉంచండి. గ్రూపులో తేలని ప్రశ్నలు రెండు మూడు మీటింగ్‌కి తీసుకెళ్లండి. స్మార్ట్‌ఫోన్ వాడని సభ్యుల కోసం ఆ నెల జవాబుల్ని ఒక కాగితం మీద ముద్రించి అక్కడే పంచండి.

వచ్చే కమిటీ సమావేశంలో యాప్ కొనుగోలు అంశాన్ని ఆరు నెలలు వాయిదా వేయించి, దాని స్థానంలో ఈ ఇద్దరి నియామకం పెట్టండి. అడిగే బాధ్యతకి, ఎప్పుడూ రాసే ఆ ఆరుగురిలో ఎవరినీ తీసుకోవద్దు. ఉద్యోగంలో చేరి మూడు నాలుగేళ్లయిన వారెవరినైనా ఎంచుకోండి. ఏది తెలియక ఇబ్బంది పడ్డారో వాళ్లకింకా గుర్తుంటుంది. ఆరు నెలలు తిరిగాక మీ డాక్యుమెంట్‌లో ఎన్ని జవాబులు చేరాయో, వాటిని చూసి తమ ల్యాబ్‌లో పనిచేసే పద్ధతి మార్చుకున్నవాళ్లు ఎందరో అడిగి చూడండి. ఆ సంఖ్యతో పాటు యాప్ ప్రతిపాదన మళ్లీ కమిటీ ముందుకు తీసుకురండి.